గంగ నీరా, బోరు నీరా?

ఫిల్టర్ల దుకాణాలకు కోల్‌కతాలో కొదవ లేదు. ఏ ఇంటికి ఏది కావాలో చెప్పాల్సింది మాత్రం దుకాణదారు కాదు, ఆ ఇంటికి నీళ్లొచ్చిన దారి.

ఉత్తర కోల్‌కతాలో శ్యాంబజార్ ఐదు రోడ్ల కూడలి దాటి టాలా వైపు వెళ్తే ఇళ్ల కప్పుల మీదుగా ఒక పెద్ద ఇనుప పెట్టె కనిపిస్తుంది. నేల నుంచి 110 అడుగుల ఎత్తున, ఉక్కు స్తంభాల అడవి మీద నిలబెట్టిన ఈ నీళ్ల ట్యాంకు 1911లో పని మొదలుపెట్టింది. ఇందులో 90 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు నాలుగు కోట్ల లీటర్లు పడతాయి. లోపల నాలుగు గదులున్నాయి కనుక ఒకదాన్ని ఖాళీ చేసి కడుగుతున్నా ఊరికి నీళ్లు ఆగవు. వందేళ్లు దాటినా ఇక్కడి పాతకాపులకు 'టాలా నీళ్లు' అంటే మంచినీళ్లకు మరో పేరు.

ఆ ధీమా నగరమంతటా ఒకేలా ఉండదు. దక్షిణాన బెహాలా, జాదవ్‌పూర్ దాకా, తూర్పున బైపాస్ రోడ్డు వెంట లేచిన అపార్ట్‌మెంట్ల దాకా వెళ్లేసరికి కుళాయి తిప్పితే వచ్చేది గంగ నీరో, బోరు నీరో, రెండూ కలిసిన నీరో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాదు. రెండూ తేటగానే ఉంటాయి మరి. కానీ ఆ రెండింటిలో ఉండే ప్రమాదాలు వేరు, వాటికి విరుగుళ్లూ వేరు. నీటి పుట్టుక తెలియకుండా కొన్న ఫిల్టర్, రోగం తెలియకుండా మింగిన మందు లాంటిది.

నది నుంచి వంటింటికి

నగరానికి కుళాయి నీళ్లు రాకముందు జనం చెరువుల మీద, హుగ్లీ నది మీద ఆధారపడేవారు. స్నానాలు, బట్టల ఉతుకుడు, తాగునీరు అన్నీ ఆ చెరువుల్లోనే. కలరా ఏటా పలకరించేది. 1883 చివర్లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలరా క్రిమిని వెతుక్కుంటూ వచ్చింది ఈ ఊరికే. దాన్ని ఇక్కడి చెరువు నీళ్లలో పట్టుకున్నాడు.

అప్పటికే మందు తయారై ఉంది. నగరానికి ఉత్తరాన, బారక్‌పూర్ దగ్గర పల్తాలో నీటి శుద్ధి కేంద్రం కట్టి 1870 నాటికే గొట్టాల ద్వారా నీళ్లు పంపడం మొదలుపెట్టారు. మొదట్లో రోజుకు 60 లక్షల గ్యాలన్లు. నేడు ఆ కేంద్రం సామర్థ్యం 20 కోట్ల గ్యాలన్లు దాటింది. హుగ్లీ నీటిని తోడి, పటిక కలిపి, బురద కిందికి దిగాక ఇసుక పొరల గుండా వడకట్టి, క్లోరిన్ వేసి 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని టాలాకు పంపుతారు. దక్షిణాన గార్డెన్ రీచ్, తూర్పున ధాపా కేంద్రాలు తర్వాత వచ్చి చేరాయి. హుగ్లీలో మంచినీటి ప్రవాహం తగ్గి సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నుతున్న రోజుల్లో 1975లో ఫరక్కా బ్యారేజీ ఆదుకుంది. గంగ నీటిని 38 కిలోమీటర్ల కాలువ ద్వారా ఇటు మళ్లించడంతో తాగునీటి ఉప్పదనం తగ్గింది.

కాబట్టి శుద్ధి కేంద్రం గేటు దాటే నీటితో పేచీ లేదు. పేచీ అంతా దారిలోనే. నీళ్లు రోజంతా రావు, కొన్ని వేళల్లోనే వస్తాయి. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా చిల్లు ఉంటే పక్కనున్న మురుగును ఆ గొట్టమే లోపలికి పీల్చుకుంటుంది. ఒత్తిడి చాలక కొన్ని ఇళ్లవాళ్లు గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. ఆపైన ఏళ్ల తరబడి కడగని సంపు, మూత సరిగా లేని డాబా ట్యాంకు ఉండనే ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో దక్షిణ కోల్‌కతాలోని బాఘాజతీన్, పాటులి ప్రాంతాల్లో వందలాది మంది అతిసారతో మంచం పట్టారు. కారణం నీళ్లా, మరొకటా అని వాదులాట సాగింది. ఇళ్లలో మాత్రం పొయ్యి మీద నీళ్లు మరిగాయి.

మరిగించడం అక్కడ సరైన పనే. గంగ నీటి ఇంట్లో ఉండే ప్రమాదం ప్రధానంగా క్రిములది. వేడికి అవి చస్తాయి. నేల నుంచి తోడిన నీళ్ల సంగతి అలా కాదు.

నేల కింద పాషాణం

1983లో కోల్‌కతా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల వైద్యుడు కె.సి. సాహా దగ్గరికి 24 పరగణాల పల్లెల నుంచి వింత రోగులు రావడం మొదలైంది. ఒంటి మీద వాన చినుకులు పడ్డట్టు మచ్చలు, అరచేతులు, అరికాళ్ల మీద గట్టి బుడిపెలు. వాళ్లంతా గొట్టపు బావుల నీళ్లు తాగేవారు. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉన్నట్టు తేలింది. మన పెద్దలు పాషాణం అన్నది దీన్నే. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి 2018లో కన్నుమూసేదాకా బెంగాల్ పల్లెల్లో బావి బావినీ పరీక్షిస్తూనే గడిపారు.

ఈ విషం చాలా చోట్ల ఏ ఫ్యాక్టరీ వదిలిందో కాదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులోనే ఇనుప తుప్పు రేణువులను పట్టుకుని ఆర్సెనిక్ ఉంది. నేల పొరల్లో గాలి ఆడని చోట, కుళ్లిన ఆకూ అలమూ తిని బతికే సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తాయి. పట్టు వదిలిన ఆర్సెనిక్ నీళ్లలో చేరుతుంది. అందుకే ఒక బావిలో ఉండి పక్క బావిలో ఉండకపోవచ్చు. విరేచనాల నుంచి కాపాడేందుకని చెరువులు మాన్పించి చేతి పంపులు వేయించిన బంగ్లాదేశ్‌లో, ఆ మేలు చేసిన పంపులే కోట్లాది మందికి విషం పోశాయి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గోడు విన్న తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. అక్కడ నీళ్లు ఎముకలు వంచాయి. ఇక్కడ చర్మంతో మొదలై, ఏళ్లు గడిచాక ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ల దాకా తీసుకెళ్తాయి. రెండు చోట్లా రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు.

కోల్‌కతాకు ఈ బెడద పల్లెల వరకే అనుకోవడానికి వీల్లేదు. జాదవ్‌పూర్ బృందం నగరంలోని 141 వార్డుల్లో భూగర్భ జలాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించింది. అప్పటి లెక్క ప్రకారం 77 వార్డుల్లో ఏదో ఒక బావిలోనైనా లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దు దాటింది. గ్రాములో లక్షో వంతు అంటే ఎంతో, ఆ హద్దు అంత. 37 వార్డుల్లో అది 50 కూడా దాటింది. బెహాలాలో మాత్రం మనిషి చెయ్యి స్పష్టంగానే ఉంది. పురుగుమందుగా వాడే ప్యారిస్ గ్రీన్ తయారుచేసిన ఒక ఫ్యాక్టరీ వ్యర్థాలను పక్కనే వదలడంతో చుట్టుపక్కల ఇళ్ల గొట్టపు బావులు పాడయ్యాయి. ఆ నీళ్లు తాగిన కుటుంబాల బాధలను ఇదే బృందం ఏళ్ల తరబడి నమోదు చేసింది.

ఏ నీటికి ఏ ఫిల్టర్

బోరు నీటిలో ఆర్సెనిక్ ఉంటే మరిగించడం దండగ. ఆవిరయ్యేది నీరే, విషం గిన్నెలోనే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. అతినీలలోహిత కిరణాలతో పనిచేసే యూవీ యంత్రం క్రిములను చంపుతుంది, ఆర్సెనిక్‌ను ముట్టుకోదు. పింగాణీ క్యాండిల్ ఫిల్టర్ మట్టిని, కొంతవరకు క్రిములను ఆపుతుంది. బొగ్గు ఫిల్టర్ క్లోరిన్ వాసన, చెడు రుచి తీస్తుంది. ఈ రెండింటి మీదా ఆర్సెనిక్ విషయంలో భరోసా పెట్టుకోలేం.

ఇక్కడ పనికొచ్చేది ఆర్‌ఓ. దాని పొర ఆర్సెనిక్‌ను చాలావరకు ఆపగలదు. అయితే భూగర్భంలో ఉండే ఒక రకం ఆర్సెనిక్ కొంత జారిపోతుంది కాబట్టి యంత్రం పెట్టాక శుద్ధయిన నీటిని కూడా పరీక్ష చేయించాలి, పొరను వేళకు మార్చాలి. ఒక లీటరు మంచినీటికి మామూలుగా రెండు మూడు లీటర్లు మోరీ పాలవుతాయన్నది మరో సంగతి. కరిగిన లవణాలు తక్కువగా ఉండే గంగ నీరు వచ్చే ఇంట్లో ఇదే యంత్రం పెట్టడం డబ్బూ నీళ్లూ రెండూ వృథా చేయడమే. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న చోట ఆర్‌ఓను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది ఇందుకే. ఆ ఇంటికి యూవీ చాలు. అదీ లేకపోతే మరిగించిన నీళ్లు, ఆరు నెలలకోసారి కడిగిన ట్యాంకు చాలు.

యంత్రం కొనలేని వారి కోసం ఆలోచించిన వారూ లేకపోలేదు. ఇనుప పొట్టు, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలతో బంగ్లాదేశ్‌కు చెందిన అబుల్ హుస్సామ్ రూపొందించిన సోనో ఫిల్టర్‌కు 2007లో అమెరికాలో 10 లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి దక్కింది. దానికి కరెంటు అక్కర్లేదు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో చేతి పంపులకే శుద్ధి యూనిట్లు బిగించి, నిర్వహణను ఊరివాళ్లకే అప్పగించిన అరూప్ సేన్‌గుప్తా బృందం అదే పోటీలో రెండో బహుమతి అందుకుంది. వీటికి కూడా వేళకు చేసే నిర్వహణే ప్రాణం. విషాన్ని పీల్చిన పదార్థాన్ని మార్చకుండా వదిలేస్తే ఫిల్టర్ కాస్తా అలంకారమవుతుంది.

చివరికి నగరాన్ని 150 ఏళ్ల కిందట కాపాడింది ఇంటింటి ఫిల్టర్ కాదు, పల్తా నుంచి వేసిన గొట్టం. ఇప్పుడు శివార్లలో బోర్లను మూయించగలిగేదీ నది నీళ్లు మోసుకొచ్చే గొట్టమే. అది చేరేదాకా వీధి చివర చేతి పంపు కొట్టుకునే వారికి ముందుగా అందాల్సింది యంత్రం కాదు. ఆ పంపు నీళ్లకు ఒక పరీక్ష, దాని ఫలితం అందరికీ కనబడేలా పంపు మీదే రాసిన ఒక గుర్తు. ఎరుపైతే తాగొద్దు, ఆకుపచ్చయితే తాగొచ్చు. ఫిల్టర్ కొనగలిగిన వారికైనా, కొనలేని వారికైనా పని మొదలయ్యేది అక్కడే.