మూగ డాంగిల్

కొత్తల్లుడు మొదటి పండక్కొచ్చి నోరు విప్పకుండా కూర్చుంటే ఇంట్లో ఎంత హడావుడో మీకు తెలియంది కాదు. కంప్యూటర్లకీ అలాంటి అల్లుళ్ళుంటారు. వాటినే వైఫై డాంగిల్ అంటారు. చూడబోతే బొటనవేలంత!

మా రోలుగుంట ఉన్నచోటినుంచి కదలకుండానే 2022లో విశాఖ జిల్లా దాటి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిపోయింది గానీ, మా అమ్మాయి కంప్యూటరుకి గుచ్చిన డాంగిల్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. పాత కంప్యూటరు విండోస్ మోయలేకపోతోందని లినక్స్ వేయించాం. ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు చదువుకుంటూ 1991లో మొదలెట్టాడట. పైసా ఇవ్వక్కర్లేదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇంట్లో నెట్ లేకపోతే బ్యాంకు పరీక్షకి చదివే పిల్ల మాదిరి పరీక్షలకల్లా చోడవరం బస్సెక్కాలి. చీకటిపడ్డా ఇల్లు చేరకపోతే నాకు ముద్ద దిగదు. "ఇంక చదువు చాలు, సంబంధాలు చూద్దాం" అనడానికి మావారికి అదో సాకు.

కొట్టతన్ని అడిగితే, "లినక్సుకి ఇవి పలకవమ్మా" అని చేతులు దులుపుకున్నాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. రోలుగుంట వాళ్ళం, మాకది కొత్తా!

అమ్మాయి మాత్రం నల్లటి తెరమీద 'ఎల్ఎస్‌యుఎస్‌బి' అని కొట్టింది. నాలుగేసి అక్షరాల ముక్కలు రెండు, మధ్యన రెండు చుక్కలు కనిపించాయి. "మొదటిది తయారీదారు ఇంటిపేరు, రెండోది దీని పేరమ్మా. డబ్బామీద పేరొకటే అయినా లోపలి చిప్పు మారిపోతుంటుంది" అంది. ఆ అంకెల్ని పట్టి ఆరా తీస్తే అది రియల్‌టెక్ వారి చిప్పు. దానికి దుబాసీలాంటి డ్రైవరు, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నెల్లో చేరింది. మాది అంతకంటే పాతది. కొత్తది తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే కొత్తది కావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు!

పిల్ల నవ్వి, నా ఫోన్ని ఛార్జింగు వైరుతో కంప్యూటరుకి కట్టింది. యు.ఎస్.బి. టెథరింగ్ అట. ఫోను నెట్టే కంప్యూటరుకి అరువు. గంటలో కొత్త కెర్నెల్ దిగింది. ఆపి మళ్ళీ వేసేసరికి డాంగిల్ మీద దీపం మిణుకుమంది.

మావారు పైకేమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం, పరీక్ష ఫీజు డబ్బులు ఎవరూ అడక్కుండానే కంప్యూటరు పక్కన పెట్టి వెళ్ళారు.