జూమ్ లేని దుర్భిణి

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచినప్పుడు అందరూ స్కోరు చూస్తుంటే, నేను అతని రైఫిల్ మీద దుర్భిణి కోసం వెతికాను. లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో అది పెట్టనివ్వరట. కంటి దగ్గర చిన్న రంధ్రం, గొట్టం చివర చిన్న వలయం, అంతే. మరి దుర్భిణి ఉన్న పోటీలెక్కడ అని వెతుకుతూ వెళ్లి, జన్మలో తుపాకీ ముట్టుకోని నేను రైఫిల్ స్కోపుల పిచ్చిలో పడ్డాను.

బెంచ్‌రెస్ట్ అని ఒక పోటీ ఉంది. రైఫిల్‌ని బల్ల మీద ఆనించి, ఐదు తూటాలూ ఒకే బొక్కలో దిగాలన్నంత పట్టుదలగా కాలుస్తారు. వాళ్లలో చాలామందికి జూమ్ అక్కర్లేదు. 36 రెట్లంటే 36 రెట్లే. జూమ్ కావాలంటే లోపల అద్దాలు కదలాలి. కదిలేది వెంట్రుకవాసి పక్కకి జరిగినా గురి పోయినట్టే.

వీటిలో నాకిష్టం పాత యునర్టల్. 1934లో జాన్ యునర్టల్ పిట్స్‌బర్గ్‌లో పెట్టిన కంపెనీ. దాదాపు రెండడుగుల సన్నటి గొట్టం. గురి సర్దే మరలు లోపల కాదు, బయట, గొట్టాన్ని పట్టుకునే దిమ్మ మీద ఉంటాయి. ఒక్కో క్లిక్కుకి వంద గజాల దగ్గర పావంగుళం. ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా నేనేం చేసుకుంటాను!

మొన్న సంక్రాంతికి గాజువాక వెళ్లినప్పుడు దాని ఫోటో నాన్నకి చూపించాను. నాన్న స్టీల్ ప్లాంట్ రోలింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి, "ఏట్రా, ఇది మైక్రోమీటరే కదా! ఇక్కడ ప్లే ఉంటే అంతా దండగ" అన్నాడు.

హుషారొచ్చి మిగతాదీ చెప్పాను. యునర్టల్ అంతకుముందు ఫెకర్ అనే ఆయన దగ్గర పనిచేశాడు. ఆ ఫెకర్ కొన్న వర్క్‌షాపు జాన్ బ్రాషియర్‌ది. బ్రాషియర్ 1870ల్లో పిట్స్‌బర్గ్‌లో పగలు రోలింగ్ మిల్లు మెకానిక్కు, అంటే నాన్న ఉద్యోగమే. రాత్రిళ్లు భార్య ఫీబీతో కలిసి ఐదంగుళాల లెన్స్ అరగదీసేవాడు. ఏళ్ల తరబడి చేసిన ఆ లెన్స్ ఒకరోజు కిందపడి రెండు ముక్కలైంది.

అక్కడ నా నోరు ఆగిపోయింది.

1997లో హేల్-బాప్ తోకచుక్క వస్తోందని నాన్న క్వార్టర్ బాల్కనీలో టెలిస్కోపు అద్దం అరగదీస్తుండేవాడు. షిఫ్టు అయ్యాక, నెలల తరబడి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ముట్టుకోవద్దన్నా ఎత్తాను, జారింది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ముక్కల్ని పేపర్లో చుట్టి పారేసి బి షిఫ్టుకి వెళ్లిపోయాడు. తోకచుక్కని డాబా మీంచి ఉత్త కళ్లతోనే చూశాం. ఆ తర్వాత ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు.

నాన్న ఇంకా ఫోటో వంకే చూస్తున్నాడు. కాసేపాగి అడిగాడు.

"మరి రెండో గాజు ఎక్కడ్నించి తెప్పించాడంట?"