పోయే బంతికి ఎంత పెట్టొచ్చు?

టెక్సస్‌లో మేముండే ఫ్రిస్కో పేరు చెబితే తెలుగువాళ్లకి కార్యసిద్ధి హనుమాన్ గుడి గుర్తొస్తుంది. గోల్ఫ్ ఆడేవాళ్లకి మాత్రం పీజీఏ ఆఫ్ అమెరికా గుర్తొస్తుంది. గోల్ఫ్ నేర్పే ప్రొఫెషనల్స్ సంఘం అది. 2022లో ఫ్లోరిడా నుంచి ప్రధాన కార్యాలయాన్ని మా ఊరికి మార్చుకుంది. రెండు లోకాలూ పక్కపక్కనే ఉండేసరికి మాలాంటివాళ్లం తయారయ్యాం. పొద్దున్నే గోల్ఫ్, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ముద్దపప్పు, ఆవకాయ. శనాదివారాల్లో నలుగురం కలిస్తే ఇంటి అప్పు వడ్డీ గురించి కాసేపు మాట్లాడుకుని, ఆ వెంటనే ఎవరు ఏ డ్రైవర్ (దూరం కొట్టే కర్ర) కొన్నారన్న దగ్గరికి వచ్చేస్తాం.

నాది సగటు ఆట. 72 షాట్లలో ముగించాల్సిన కోర్సులో మంచిరోజైతే 90కి కాస్త పైన, మామూలు రోజైతే 100కి కాస్త లోపు. ప్రకటనల్లో ఆడి చూపించేది వేరేవాళ్లు, బిల్లు కట్టేది మా బాపతు. అందుకే ఈ ఆట కోసం జేబులో చెయ్యి పెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ వస్తువు ఒక రౌండులో ఎన్నిసార్లు చేతికొస్తుంది? ఎంత త్వరగా చేజారిపోతుంది?

ముందు బంతి సంగతి. క్లబ్బు ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. బంతి అలా కాదు. చెట్లలోకి, చెరువులోకి, కోర్సు పక్కన ఇళ్లవాళ్ల పెరట్లోకి పోతూనే ఉంటుంది. నా స్థాయివాడు రౌండుకి మూడు నాలుగు పోగొట్టుకోవడం మామూలే. టైటిలిస్ట్ ప్రో వీ1 ఇక్కడ డజను 55 డాలర్ల దగ్గర ఉంది. ఒక్కోటి నాలుగున్నర డాలర్ల పైమాటే. నాలుగు పోతే 18 డాలర్లు గాల్లో కలిసినట్టు. కాస్ట్‌కోలో కర్క్‌లాండ్ బంతులు రెండు డజన్ల పెట్టె 35 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. అవి నాలుగు పోయినా ఆరు డాలర్లు దాటదు. తేడా రౌండుకి 12 డాలర్లు. ఏడాదికి 30 రౌండ్లు ఆడేవాడికి అది 360. అంత డబ్బుతో మంచి సెకండ్‌హ్యాండ్ డ్రైవర్ కొని, ఇంకా చిల్లర మిగుల్చుకోవచ్చు.

మా ఆవిడకి ఇంత లెక్క అక్కర్లేకపోయింది. డబ్బా మీద ధర చూసి, "ఒక్కో బంతి దాదాపు ఐదు డాలర్లా? దీన్ని మీరు తీసుకెళ్లి చెరువులో వేసి వస్తారా?" అంది. అంతే.

అలాగని ప్రో వీ1ని తీసిపారేయడానికి లేదు. 2000లో అది వచ్చేదాకా పెద్ద పెద్ద ఆటగాళ్లలో చాలామంది లోపల రబ్బరు దారం చుట్టిన బంతులతో ఆడేవాళ్లు. గట్టి గుండు, దాని మీద ఇంకో పొర, పైన పల్చటి యురెథేన్ తొడుగు ఉన్న ఈ బంతి డ్రైవర్‌తో కొడితే దూరం వెళ్లేది, జెండా ఉండే గ్రీన్ మీద పడితే ఆగేది. ఆ రెండూ ఒకే బంతిలో కుదరడంతో ప్రొఫెషనల్స్ చూస్తుండగానే దారం బంతుల్ని వదిలేశారు. చవక బంతుల్లో చాలావాటి మీద యురెథేన్ ఉండదు, అయోనమర్ తొడుగు ఉంటుంది. డ్యూపాంట్ వాళ్లు కనిపెట్టిన సర్లిన్ అందులో పేరున్న రకం. అది గట్టిది, తొందరగా చెడదు, కాకపోతే దగ్గరి దూరాలకి వాడే వెడ్జ్‌తో కొట్టినప్పుడు స్పిన్ తక్కువ. డ్రైవర్ కొట్టే టీ దగ్గర నాలాంటివాడికి ఈ రెంటికీ తేడా పెద్దగా తెలియదు. గ్రీన్‌కి 30 గజాల దూరం నుంచి లేపి కొట్టినప్పుడు తెలుస్తుంది. యురెథేన్ బంతి ఒకటి రెండు గెంతులేసి పట్టు దొరికినట్టు ఆగుతుంది. అయోనమర్ బంతి జెండా దాటి దొర్లుకుంటూ పోతుంది.

నా స్కోరులో సగానికి పైగా షాట్లు గ్రీన్ మీదా, గ్రీన్ చుట్టుపక్కలా ఖర్చయ్యేవే. కాబట్టి యురెథేన్ కావాలి, కానీ నాలుగున్నర డాలర్లకి వద్దు. కర్క్‌లాండ్ బంతికి ఆ తొడుగే ఉంది. దాని వెనక చిన్న కథ కూడా ఉంది. 2016లో కాస్ట్‌కో డజను 15 డాలర్ల లెక్కన నాలుగు పొరల బంతి అమ్మకానికి పెట్టింది. జనం ఎగబడి కొనేశారు, స్టాకు అయిపోయింది, కొన్నవాళ్లు ఆన్‌లైన్‌లో అంతకంత ధరకి అమ్ముకున్నారు. టైటిలిస్ట్ సొంతదారు అకుష్‌నెట్ కంపెనీ మా పేటెంట్లు వాడుకున్నారంటూ కాస్ట్‌కోకి ఉత్తరం రాసింది. కాస్ట్‌కో 2017లో తనే కోర్టుకెక్కింది. 2018లో ఇద్దరూ రాజీపడ్డారు. సూపర్ బజార్‌లో పచారీ సామాను మధ్య పెట్టిన బంతికి అంత పెద్ద కంపెనీ ఉలిక్కిపడిందంటే అందులో విషయం ఉన్నట్టే కదా. దాని తొడుగు మీద త్వరగా గీతలు పడతాయని కొందరి ఫిర్యాదు. నా బంతులకి గీతలు పడేంత ఆయుష్షు ఎలాగూ ఉండదు.

ఇంతకన్నా చవకలో దొరికేవీ ఉన్నాయి. కోర్సుల్లోని చెరువుల్లోకి దిగి బంతులు ఏరడం ఇక్కడ ఒక వ్యాపారం; కడిగి, మచ్చల్ని బట్టి వేరుచేసి సంచుల్లో అమ్ముతారు. ఊరికే కడిగినవైతే కొనొచ్చు. 'రీఫినిష్డ్' అని ఉన్నవి నేను ముట్టుకోను. వాటికి పైపొర గీకి, రంగు వేసి, మళ్లీ ముద్ర కొడతారు. ఆ రంగు మందం బంతి బంతికీ మారితే, కొట్టిన దెబ్బలో తేడానో బంతిలో తేడానో తేల్చుకోవడం నావల్ల కాదు. ఏ బంతైనా సరే, రౌండు మొదలు నుంచి చివరిదాకా ఒకే రకంతో ఆడితే మేలు. కాన్ఫరెన్సుల్లో ఊరికే పంచిన బంతులు, పొదల్లో దొరికినవి బ్యాగులో కలగాపులగంగా వేసుకుంటే డబ్బు మిగులుతుంది గానీ, గ్రీన్ మీద వాడే పటర్‌తో ఎంత బలంగా కొట్టాలో చేతికి అలవాటు కాదు.

హైదరాబాద్‌లో మా బావగారి లెక్క పూర్తిగా వేరు. ఆయన ఆడేది గోల్కొండ కోట పక్కన. అక్కడ వెంట క్యాడీ ఉంటాడు. బంతి ఏ పొదలోకి దూరినా వెతికి పట్టుకొస్తాడు. "బంతి ఎక్కడికి పోతుందోయ్, మావాడి కళ్లు డేగ కళ్లు" అంటారాయన. ఆయన ప్రో వీ1 ఒకటి తీస్తే రౌండంతా దాంతోనే నడుస్తుంది. మేమైతే ఇక్కడ బ్యాగు బండికి కట్టుకుని మేమే తోలుకుపోతాం, వెతికే దిక్కుండదు. వెతకడానికి రూల్స్ ఇచ్చేది మూడు నిమిషాలే. ఇక్కడ నేను బంతుల్లో పోగొట్టుకునే డబ్బు ఆయన అక్కడ క్యాడీకి ఇస్తారు. కాబట్టి ఆయనకి ఖరీదైన బంతే లాభం, నాకు చవకదే లాభం. అక్కడ ధర ఎక్కువని నేను ఇండియా వెళ్లినప్పుడల్లా, "ఓ మూడు డజన్లు పడెయ్యవోయ్" అని ఫోన్ వస్తుంది. రూల్స్ ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదు. మూడు డజన్లంటే కిలోన్నర పైనే. సూట్‌కేసులో ఆ కిలోన్నర ఎవరి సామాన్లోంచి తియ్యాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇక క్లబ్బులు. షాపులో స్క్రీను ముందు నిలబెట్టి, ముందు మన పాత 7 ఐరన్‌తో కొట్టిస్తారు, తర్వాత కొత్త 7 ఐరన్‌తో. కొత్తది పది పన్నెండు గజాలు ఎక్కువ వెళ్తుంది. స్క్రీను మీద ఆ అంకె పచ్చగా వెలుగుతుంది. అక్కడ కార్డు బయటికి తీసేముందు ఒక్క ప్రశ్న అడగాలి, "దీని లాఫ్ట్ ఎంత?" అని. పాత రోజుల్లో 7 ఐరన్ ముఖం 34, 35 డిగ్రీలు వాలి ఉండేది. ఇప్పుడు మా స్థాయివాళ్లకి అమ్మే సెట్లలో 28, 29 డిగ్రీలు. పాత లెక్కలో అది ఇంచుమించు 5 ఐరన్. అడుగున 7 అని చెక్కారు కాబట్టి మనం మురిసిపోతాం. బరువును కిందికి దించడం వల్ల బంతి బాగానే లేస్తుంది, దాన్ని మోసమనను. కానీ ఆ గజాలకి అంత డబ్బు పెట్టను.

దీని పర్యవసానం సెట్టు చివర కనిపిస్తుంది. అన్నిటి వాలూ తగ్గించుకుంటూ వచ్చేసరికి పిచింగ్ వెడ్జ్ 42, 43 డిగ్రీలకి వచ్చింది. సాండ్ వెడ్జ్ మాత్రం 56 దగ్గరే ఉంది. మధ్యలో ఇంత ఖాళీ. ఆ ఖాళీకి గ్యాప్ వెడ్జ్ అని పేరు పెట్టి, చాలాసార్లు దాన్ని విడిగా అమ్ముతారు. అందుకే సెట్టు ధరలు పోల్చేటప్పుడు నేను ముక్కలు లెక్కపెట్టి ఊరుకోను, డిగ్రీలు వరసగా కాగితం మీద రాసుకుంటాను. నాలుగైదు డిగ్రీల ఎడంతో మెట్లు పడితే చాలు. రూల్స్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకి మించి ఉండకూడదు; పధ్నాలుగూ ఉండి తీరాలని ఎక్కడా లేదు. నా బ్యాగులో పన్నెండే ఉన్నాయి. 3, 4 ఐరన్లు కొనలేదు, వాటి జాగాలో హైబ్రిడ్ ఒకటి చాలింది.

డ్రైవర్ విషయంలో కొత్త మోడల్ వచ్చిన రోజున నేను కొనేది దాని తాతని. టేలర్‌మేడ్, కాలవే ఇంచుమించు ఏడాదికో పేరు మారుస్తాయి. పింగ్, టైటిలిస్ట్ రెండేళ్లకోసారి. 600 డాలర్లు పెట్టి కొన్న డ్రైవర్, రెండు తరాలు వెనకబడేసరికి సెకండ్‌హ్యాండ్‌లో సగం కన్నా తక్కువకి దొరుకుతుంది. మిగతా సగం మొదటి యజమాని సంతోషానికి కట్టిన ధర. ఆటలో నష్టమా అంటే, నా లెక్కలో దాదాపు లేదు. డ్రైవర్ తల 460 సీసీ దాటకూడదని, ముఖానికి ఉండే స్ప్రింగు గుణం ఇంతకి మించకూడదని రూల్స్ ఏనాడో గిరి గీశాయి. సరిగ్గా మధ్యలో తగిలిన దెబ్బకి కొత్తగా కలిసొచ్చే దూరం స్వల్పం. పక్కకి తగిలినప్పుడు తల తిరిగిపోకుండా నిలబడడంలోనే ఈమధ్య మెరుగులు. అవీ రెండేళ్ల నాటి వాటిలో చాలామటుకు వచ్చేశాయి.

మిగిల్చిన డబ్బులో కొంత కొలతలకి పెట్టాను, అది బాగా పనికొచ్చింది. షాపులో వేలాడే క్లబ్బులు సగటు అమెరికా మగవాడి ఎత్తుకి చేసినవి. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. ఫిట్టింగ్ చేసే ఆయన ఐరన్ అడుగున ఒక టేపు అంటించి, నల్లటి ప్లాస్టిక్ పలక మీద నిలబెట్టి కొట్టించాడు. తిప్పి చూస్తే టేపు మీద గీత మధ్యలో లేదు, మడమ వైపు పడింది. అంటే కొట్టే క్షణంలో క్లబ్బు ముందుకొస గాల్లోకి లేచి ఉంటోందన్నమాట. అలా ఉంటే ముఖం ఎడమకి చూస్తుంది, బంతి ఎడమకి లాగుతుంది. ఐరన్లని పట్టులో బిగించి మెడ దగ్గర రెండు డిగ్రీలు వంచి ఇచ్చాడు. క్లబ్బుకి అయిదారు డాలర్ల పని. పింగ్ వాళ్లయితే ఈ కోణాల్ని ఐరన్ల మీద రంగు చుక్కలతోనే గుర్తుపెడతారు. నల్లచుక్క మామూలు కోణం. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఆ చుక్క చూడకుండా కొనకూడదు, ఆరడుగుల మనిషి క్లబ్బులు వచ్చిపడతాయి.

గ్రిప్పులు నేనే గ్యారేజీలో మార్చుకుంటాను. పాతదాన్ని కొక్కెం కత్తితో చీల్చి తీసి, షాఫ్ట్‌కి రెండువైపులా జిగురున్న టేపు చుట్టి, కొత్త గ్రిప్పు కొసన ఉన్న కన్నంలో ఒక టీ గుచ్చి మూసి, లోపల సాల్వెంట్ పోసి గిలకరించి, దాన్నే టేపు మీద ఒలికించి ఒక్క ఊపున ఎక్కించాలి. మధ్యలో ఆలోచించారో, సగంలో బిగుసుకుపోతుంది. గ్రిప్పు ఒక్కోటి ఎనిమిది డాలర్ల లోపు. సెకండ్‌హ్యాండ్ క్లబ్బు జిడ్డుగా ఉందని బేరమాడటానికి ఇదే నా ఆయుధం.

పటర్ మాత్రం కొత్తది కొన్నాను. డ్రైవర్ రౌండుకి ఎక్కువలో ఎక్కువ పధ్నాలుగు సార్లు బయటికొస్తుంది. హోల్‌కి రెండు చొప్పున వేసుకున్నా పటర్ 36 సార్లు వస్తుంది, నా దగ్గర ఇంకొంచెం ఎక్కువే. పైగా దానికి పాతబడడమనేది లేదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టెన్ సోల్‌హైమ్ 1966లో గీసిన పింగ్ ఆన్సర్ ఆకారాన్నే ఇప్పటికీ కంపెనీలన్నీ అటూఇటూ మార్చి అమ్ముతున్నాయి. నాది కూడా ఆ ఆకారమే. కొన్నప్పుడు చెయ్యి వణికిన మాట నిజమే గానీ, షాటుకి ఇంత అని లెక్కేస్తే బ్యాగులో దానికన్నా చవకది లేదు.

వెడ్జ్‌లు కూడా సెకండ్‌హ్యాండ్‌లో కొనను. మిగతా క్లబ్బులు అరగడానికి ఏళ్లు పడుతుంది, వెడ్జ్ గాడులు మాత్రం బంకర్లలో ఇసుక రాసుకుని రాసుకుని నునుపెక్కిపోతాయి. గోరుతో గీస్తే గాడి అంచు తగలాలి. నా 56 డిగ్రీల వెడ్జ్‌కి మధ్యలో ఇప్పుడు తగలడం లేదు. వచ్చే వసంతంలోగా మార్చాలి. పాత మోడలే చూస్తున్నాను, ప్లాస్టిక్ కవరు విప్పనిది.