'సర్, మీరు ఎప్పుడు వెళ్ళిపోతారు?'

మాల్దీవుల్లో నా మొదటి క్లాసు. తొమ్మిదో తరగతి, పద్దెనిమిది మంది పిల్లలు. పేరు చెప్పా, ఊరు చెప్పా, బోర్డు మీద 'కంప్యూటర్ సైన్స్' అని రాశా. 'ఏమైనా అడగాలా?' అన్నా. చివరి బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

'సర్, మీరు ఎప్పుడు వెళ్ళిపోతారు?'

వాడు ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నా. కానీ క్లాసులో ఒక్కరు కూడా నవ్వలేదు. అందరూ నా జవాబు కోసమే చూస్తున్నారు. తర్వాత తెలిసింది, రెండేళ్ళలో వాళ్ళకి నేను మూడో కంప్యూటర్ సర్‌ని అని.

'మీరు పదో తరగతి పరీక్ష రాసేదాకా ఉంటా' అన్నా. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోట్లోంచి!

సముద్రం నడుమ బడి

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఇంటికొకరు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు. నేను 2019లో బీటెక్ పూర్తి చేశా. చేతికొచ్చిన ఉద్యోగం కరోనా టైంలో చేజారింది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్‌గా చేరా. అక్కడ ఉండగా ఒక ఏజెంటు ద్వారా ఈ అవకాశం తెలిసింది. 2023లో బయల్దేరా.

'సముద్రం నడుమ బడి ఏందిరా? పిల్లలు ఏడికెల్లి వస్తరు?' అంది అమ్మ. నాకూ సరిగ్గా తెలీదు. నాకు తెలిసిన మాల్దీవులు కూడా మీకు తెలిసినవే. ఇన్‌స్టాలో కనిపించే నీళ్ళ మీది చెక్క గదులు, నీలం రంగు నీళ్ళు, హీరోయిన్ల సెలవులు.

అవన్నీ రిసార్టులు. ఒక్కో రిసార్టుకు ఒక్కో దీవి. జనం ఉండే దీవులు వేరు. దేశం మొత్తంలో దాదాపు 1200 దీవులుంటే, ఊళ్ళున్నవి 200 లోపే. నేల సగటు ఎత్తు సముద్రం మీద మీటరున్నర. దేశంలో అన్నిటికంటే ఎత్తైన సహజమైన చోటు కూడా రెండున్నర మీటర్లకు మించదు. అంటే మా ఇంటి స్లాబు మీద నిలబడ్డ మా నానమ్మ ఆ దేశం కంటే ఎత్తులో ఉన్నట్టు.

మాలే ఎయిర్‌పోర్టు కూడా ఒక దీవే. అక్కణ్ణుంచి చిన్న విమానంలో ఉత్తరాన కుల్హుదుఫుషి, అక్కణ్ణుంచి స్పీడ్‌బోటు. బోటు దిగేసరికి నా చొక్కా, సర్టిఫికెట్ల ఫైలు రెండూ తడిసిపోయాయి. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పదిహేను నిమిషాలు, అదీ ఊరు. ఇసుక వీధులు, పగడపు రాళ్ళ గోడలు, ఒక మసీదు, రెండు కిరాణా దుకాణాలు, ఒక స్కూలు. ఒడ్డున ఇనుప చట్రానికి తాళ్ళ వల అల్లిన కుర్చీలు. వాటిని 'జోలి' అంటారు. సాయంత్రమైతే ఊరంతా వాటిల్లోనే.

పూజించే విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకెళ్ళకూడదు, అది వాళ్ళ చట్టం. అమ్మ బ్యాగులో పెట్టిన చిన్న వెంకన్న విగ్రహాన్ని శంషాబాద్‌లో బాపు చేతికే తిరిగిచ్చేశా. ఫోన్‌లో ఫొటో మాత్రం ఉంచుకున్నా. శనివారం పొద్దున దాన్ని తెరిచి చూసేవాణ్ణి, అంతే. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం స్కూలు మొదలు. మొదటి రెండు నెలలు ఆదివారం పొద్దున అలారం మోగితే ఏడుపొచ్చేది.

బరాబరు

పాఠాలు ఇంగ్లిష్‌లో. తొమ్మిది, పది తరగతుల వాళ్ళు కేంబ్రిడ్జ్ పరీక్షకు చదువుతారు. కానీ పిల్లలు ఆలోచించేది, పోట్లాడుకునేది ధివేహి భాషలో. దాని లిపి పేరు థానా, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందులో మొదటి తొమ్మిది అక్షరాలు అరబిక్ అంకెల నుంచి పుట్టినవట. బైనరీ చెప్పడానికి వచ్చినవాణ్ణి, అంకెలే అక్షరాలైన భాష దొరికింది అని సంబరపడ్డా.

ఒకరోజు ఒక అమ్మాయి లెక్క సరిగ్గా చేసింది. పక్కనున్న పిల్ల 'బరాబరు!' అంది. నేను చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయా. మా ఊళ్ళో బాపు రోజుకు పదిసార్లు అనే మాట అది. 'బరాబర్ చెప్పినవ్', 'బరాబర్ వస్త'. అక్కడా అదే అర్థం, బాగుంది, సరిగ్గా ఉంది అని. ఆ రోజు నుంచి క్లాసులో నా ముద్రమాట అదే అయింది. పిల్లలు నా వెనకాల నా యాసలో 'బర్రాబర్' అని వెక్కిరించేవాళ్ళు.

తిండి విషయం కూడా చెప్పాలి. పొద్దున 'మస్ హుని'. ట్యూనా చేప తురుము, కొబ్బరి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి, మన చపాతీ లాంటి 'రోషి'తో తింటారు. మొదటి వారం అద్భుతం. నాలుగో నెలకు కలలో గోంగూర కనిపించింది. కూరగాయలు మాలే నుంచి పడవలో రావాలి. నైరుతి గాలులప్పుడు పడవ రాకపోతే టమాటా ఉండదు, ఒక్కోసారి గుడ్డు కూడా ఉండదు. చేపలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి.

చివరి బెంచీ పిల్లాడు

ప్రశ్న అడిగిన పిల్లాడి గురించి చెప్తా. వాడికి చదువు మీద మనసు లేదు. వాళ్ళ నాన్నకి చేపల పడవలో పని. వీడు కూడా సెలవుల్లో పడవెక్కేవాడు. నా క్లాసులో నిద్రపోయేవాడు. లూపులు చెప్తున్నప్పుడు మూడోసారి లేపి, కోపంగా అడిగా, 'నీకు తెలిసిన పని ఒక్కటి చెప్పు, మొదటి నుంచి చివరి దాకా, ఒక్కో మెట్టు' అని.

వాడు లేచి చెప్పడం మొదలుపెట్టాడు. ముందు దిబ్బల దగ్గర వలేసి చిన్న చేపలు పడతారు. వాటిని పడవ అడుగున నీళ్ళ తొట్టిలో బతికించుకుంటారు. తర్వాత నడిసముద్రంలోకి. పక్షులు ఎక్కడ గుమిగూడాయో చూస్తారు, వాటి కింద ట్యూనా గుంపు ఉంటుంది. బతికున్న చిన్న చేపల్ని నీళ్ళలోకి విసురుతూ, పైపులతో నీళ్ళు చిమ్ముతారు. ట్యూనా పిచ్చెక్కినట్టు పైకొస్తుంది. గాలం కర్రలతో ఒక్కొక్కటీ లాగి వెనక్కి విసురుతారు. గాలానికి ముల్లు ఉండదు, చేప డెక్కు మీద పడుతూనే దానంతటదే ఊడిపోతుంది. వెంటనే మళ్ళీ గాలం నీళ్ళలోకి.

'ఎంతసేపు?' అన్నా.

'ఎర ఉన్నంతసేపు సర్. లేదా గుంపు వెళ్ళిపోయేంతవరకు.'

చాక్‌పీసు వాడి చేతిలో పెట్టా. బోర్డు మీద వైల్ లూపు వాడే రాశాడు. ఎర సున్నా కంటే ఎక్కువ, ఇంకా గుంపు ఉంది, ఈ రెండూ నిజమైనంత వరకు గాలం వెయ్యి. ఒక్క తప్పూ లేదు. క్లాసంతా 'బర్రాబర్!' అని అరిచింది. ఇప్పుడు నేను రాసే కోడ్ లక్షల మంది వాడే యాప్‌లో నడుస్తోంది. అయినా ఆ బోర్డు మీది ఆరు లైన్లు చూసినప్పటి సంతోషం మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత వాడు నాకు ఈత నేర్పాడు. సముద్రం నడుమ ఉంటూ ఈత రాని మనిషిని వాళ్ళు అంతవరకు చూళ్ళేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నేను కాళ్ళు కొట్టుకుంటుంటే ఐదో తరగతి పిల్లలు ఒడ్డున కూర్చుని మార్కులేసేవాళ్ళు. వాడు మాత్రం ఓపిగ్గా 'గాలి వదలండి సర్, భయం కాదు' అనేవాడు. క్లాసులో నేను వాడితో అంత ఓపిగ్గా మాట్లాడలేదని అప్పుడు తట్టింది.

ఇన్‌స్టాలో పెట్టనివి

ఇప్పుడు రెండో వైపు. జీతం రుఫియాల్లో వస్తుంది. ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి. బ్యాంకులో కావలసినన్ని దొరకవు, బయట కొంటే రేటు ఎక్కువ. ఏజెంటు చెప్పిన లెక్కకు, మా బాపు ఖాతాలో పడిన డబ్బుకు ప్రతి నెలా తేడానే. ఆ ఏజెంటుకు కట్టిన కమీషన్ తీరడానికే ఐదు నెలలు పట్టింది. సొంత గది అన్నాడు, ఇద్దరం సర్దుకున్నాం. ఆ రెండోవాడు కేరళ లెక్కల మాస్టారు, మంచివాడు, గురక ఒక్కటే ఇబ్బంది.

ఊళ్ళో అందరికీ నేను తెలుసు. రాత్రి పదింటికి కొట్లో కూల్‌డ్రింక్ కొంటే పొద్దున క్లాసులో 'సర్, నిద్ర పట్టలేదా?' అని అడుగుతారు. తల్లిదండ్రుల వైబర్ గ్రూపులో అర్ధరాత్రి కూడా హోంవర్కు సందేహాలు. అంతమంది పలకరించినా, పండగ రోజు గదిలో ఒక్కణ్ణే. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది?

2024 జనవరిలో ఇంకో తలనొప్పి. అక్కడి మంత్రులు కొందరు మన ప్రధాని మీద చేసిన వ్యాఖ్యలతో గొడవ లేచింది. వాళ్ళను సస్పెండ్ చేశారు. అయినా మన దగ్గర 'బాయ్‌కాట్ మాల్దీవ్స్' ట్రెండింగ్. బీటెక్ గ్రూపులో దోస్తులు 'ఇంకా అక్కడే ఉన్నావా? సిగ్గులేదా?' అని మీమ్‌లు పంపారు. ఆ సాయంత్రం గుడ్లకని కొట్టుకు వెళ్ళాలంటే జంకు పుట్టింది. కొట్టు పెద్దాయన ఎప్పటిలాగే గుడ్లు లెక్కపెట్టి, ఖాతాలో రాసుకుని, 'మీ నాన్న ఎలా ఉన్నారు?' అని అడిగాడు.

మర్నాడు చివరి బెంచీలోంచి చెయ్యి లేచింది. 'సర్, దీనివల్ల మీరు వెళ్ళిపోతారా?'

'వెళ్ళను' అన్నా. రెండోసారి మాటిచ్చా.

కొట్టు పెద్దాయన బాపు గురించి అడగడానికి కారణం ఉంది. అంతకు రెండు నెలల ముందు బాపుకి గుండె నొప్పి వచ్చింది. రాత్రి అమ్మ ఫోన్ చేసింది. సముద్రం బాగాలేక ఆ రోజు బోటు లేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా రేవులో బ్యాగు పట్టుకుని కూర్చున్నా. కొట్టు పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మాకిద్దరికీ వచ్చిన ఉమ్మడి మాటలు ఇరవై ఉంటాయేమో. అవి అయిపోయాక ఊరికే కూర్చున్నాడు. నేను కరీంనగర్ చేరేసరికి బాపుకి స్టెంట్ వేయడం, వార్డుకు మార్చడం అన్నీ అయిపోయాయి. 'అంత దూరంకెల్లి ఎందుకొచ్చినవ్ బిడ్డా, ఖర్చు' అన్నాడు బాపు.

పరీక్షకు మూడు నెలల ముందు

తిరిగి దీవికి వెళ్ళినా మనసు నిలవలేదు. రాత్రుళ్ళు ఇంటర్వ్యూలకు చదవడం మొదలుపెట్టా. వాళ్ళు పదో తరగతిలో ఉండగా, పరీక్షకు మూడు నెలల ముందు, హైదరాబాద్‌లో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ముప్పై రోజుల్లో చేరాలి. గడువు అడిగా, ఇవ్వలేదు.

బాపు కోసం వచ్చేశా అని అందరికీ చెప్తుంటా. అది నిజమే. జీతం రెండింతలు, అది కూడా నిజమే. రెండోది లేకపోతే ఆ మూడు నెలలు ఆగేవాణ్ణేమో. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

క్లాసులో చెప్పిన రోజు ఎవరూ ఏమీ అనలేదు. కొందరు అమ్మాయిలు కార్డు చేసిచ్చారు. చివరి బెంచీ పిల్లాడు తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. రేవుకు ఊరంతా వచ్చింది, వాడు రాలేదు.

హైదరాబాద్ వచ్చాక వారానికి రెండు రాత్రులు వైబర్‌లో పాఠం చెప్పా. మనకు తొమ్మిదిన్నర, వాళ్ళకు తొమ్మిది. ఆఫీసు లాప్‌టాప్ మూసి, హాస్టల్ మెట్ల మీద కూర్చుని ట్రేస్ టేబుళ్ళు గీసేవాణ్ణి. పదకొండు, పన్నెండు మంది వచ్చేవాళ్ళు. వాడి పేరు పక్కన ఒక్కసారీ ఆకుపచ్చ చుక్క వెలగలేదు.

మీలో ఎవరైనా ఇలా వెళ్దామనుకుంటే వద్దని చెప్పను. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు స్కూలు పేరు, దీవి పేరు రాతలో అడగండి. ఇంతకుముందు అక్కడ పనిచేసిన టీచర్‌తో ఒక్కసారైనా మాట్లాడండి. జీతం ఏ డబ్బులో ఇస్తారో, ఇంటికి ఎంత పంపగలరో తెలుసుకోండి. ఆపద వస్తే ఇంటికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కేసుకోండి. ఇంకొకటి. పిల్లలు ఆ ప్రశ్న అడుగుతారు. 'ఏడాది కాంట్రాక్టు, ఆ తర్వాత తెలీదు' అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ పిల్లలు తట్టుకోగలరు, వాళ్ళకు అది అలవాటే. మాటిచ్చి తప్పితేనే కష్టం.

ఫలితాలొచ్చిన రోజు గ్రూపులో సందడి. నేను ఆఫీసు మీటింగులో ఉన్నా. ఫోన్ వణికింది. విడిగా ఒక మెసేజి, వాడి నుంచి.

'సి వచ్చింది సర్. లూపు ప్రశ్న వచ్చింది.'

'బరాబర్!' అని కొట్టా. చాలాసేపు ఏమీ రాలేదు. మీటింగు అయిపోయి, క్యాంటీన్‌లో టీ తీసుకుంటుంటే ఇంకొకటి వచ్చింది.

'కొత్త సర్ వచ్చాడు. తమ్ముడి క్లాసుకి. వాడితో అదే ప్రశ్న అడిగించా.'

'ఆయన ఏమన్నాడు?'

'తెలీదు అన్నాడు.' వెంటనే ఇంకో లైను. 'ఆయన మంచివాడు అనుకుంటా సర్. మీకు ఇప్పుడు ఈత వచ్చా?'