అయిదు పిన్నుల వైరు

మహబూబాబాదు నుండి గూడూరు, కొత్తగూడల మీదుగా అడవి వెంబడి పోవు త్రోవలో గంగారము కలదు. 2016వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినపుడు మండల కేంద్రమైన ఊరిది. పగిడిద్దరాజను వేల్పును పెనక వంశీయులు కాలినడకన మేడారము జాతరకు తోడ్కొనిపోవు పూనుగొండ్ల గ్రామమును ఈ మండలములోనిదే. నేను పోయినది జాతర కాలమున కాదు. డోలి కోయలు పాడిన వంశకథల పాత క్యాసెట్లను ఇచ్చటి యొక మైక్‌సెట్టు దుకాణములో కంప్యూటరునకు ఎక్కించుచున్నారని విని, ఆ పని చూడవలెనను కుతూహలముచే పోయితిని.

పెండ్లిండ్లకును జాతరలకును అద్దెకిచ్చు అహూజా ఆంప్లిఫయర్లు, హారన్లు దుకాణమున సగము స్థలము నాక్రమించి యున్నవి. గోడకు వైరులు జాతుల వారిగా వ్రేలాడుచున్నవి: ఎఱుపు తెలుపు ఏవీ పిన్నులవి యొకచోట, సన్న పిన్నులవి యొకచోట, లావు మైకు పిన్నులవి వేఱొకచోట. వీని కన్నిటికిని దూరముగా, ప్రత్యేకముగా కొట్టిన మేకునకు, గుండ్రని తలలో అయిదు పిన్నులు గల వైరు ఒక్కటి మాత్రమే యుండెను. మెకానికు దానిని తీసి బల్లమీది పాత ఫిలిప్స్ టేప్ రికార్డరునకు తగిలించుచు, "సారూ, గీ వైరు దొరకకనే రెండు నెలలు పని ఆగింది" అనెను.

క్యాసెట్టును ఫిలిప్స్ వారు 1963లో బెర్లిను ప్రదర్శనమున లోకమునకు చూపిరి. ఆ కాలపు ఐరోపా యంత్రములకు జర్మను ప్రమాణమైన ఈ 'డిన్' సాకెట్టే ద్వారము; జపాను యంత్రములకో మైకునకొక రంధ్రము, చెవి ఫోనునకొక రంధ్రము వేఱువేఱుగా నుండును. డిన్ యందలి విశేషమేమనగా, పోకయు రాకయు ఒక్క వైరుననే జరుగును. నడిమి పిన్ను 2 భూమి. 1, 4 అనునవి రికార్డరు ధ్వనిని పుచ్చుకొను పిన్నులు, 3, 5 అనునవి ఇచ్చు పిన్నులు. అంకెలైనను వరుసగా నుండక, ఒక కొస నుండి 1, 4, 2, 5, 3 అని యుండుటచే, తెలియనివాడు తప్పక పొరపడును. పట్టణమునుండి తెప్పించిన మొదటి వైరు చూపునకు సరియైనదే యయ్యు, లోపల 1, 4లకు అతికినది కావున ఒక్క పలుకైనను పలుకలేదట. మెకానికు దాని తల విప్పి, ఎడమ తీగను 3కును కుడి తీగను 5కును మార్చి అతికెను.

అయినను పిన్ను పట్టినంత మాత్రమున ధ్వని పొసగదు. మైకు నుండి వచ్చునది కొన్ని మిల్లీవోల్టులు. యంత్రము నుండి యంత్రమునకు పోవలసిన 'లైను' ధ్వని కొన్ని వందల మిల్లీవోల్టులు. చెవి ఫోను రంధ్రమునుండి వైరు తెచ్చి ల్యాప్‌టాపు మైకు రంధ్రమున దూర్చినచో, నూఱింతల బలము మీదపడి పాట బరబరలాడును. ఆ పని అచ్చటి కుఱ్ఱవాడొకడు మునుపే చేసి యుండెను. "గొంతు చిన్నగుంటే పెంచుకోవచ్చు సారూ, పగిలినంక అతుకరాదు" అని మెకానికు చెప్పి, లైను రంధ్రము గల చిన్న యూఎస్‌బీ పెట్టెను నాకు చూపెను. తిరుగుదారిలో, అనగా ఫోనులోని పాటను పాత యంత్రమున రికార్డు చేయవలసినచో, డిన్ ప్రవేశము ఒక్కొక్క కిలో ఓమునకు ఇంచుమించు ఒక మిల్లీవోల్టునే కోరునది కావున, నాలుగు లక్షల డెబ్బదివేల ఓముల రెసిస్టరును తీగలో నడుమ అతుకవలెనట. దానిని పిన్ను తలలోనే దాచిన మఱియొక వైరును చేసి, తలకు ఎఱ్ఱటేపు చుట్టి పెట్టినాడు.

ఆంప్లిఫయరును కూడ కలిపి విననెంచినపుడు, పాట క్రింద గుంయ్‌మని సెకనుకు ఏబది ఆవృత్తుల కరెంటు రొద బయలుదేఱెను. ల్యాప్‌టాపును ఆంప్లిఫయరును వేఱువేఱు ప్లగ్గుల ద్వారా భూమిని తాకుచుండగా వైరు నడుమ కలిసి వలయ మేర్పడుటయే దీనికి కారణము. ల్యాప్‌టాపు ఛార్జరును ఊడదీయగనే రొద యణగెను. కొందఱు మైక్‌సెట్టు కుఱ్ఱలు ఈ రొద పోవుటకై ఆంప్లిఫయరు ఎర్తు తీగనే కత్తిరించెదరు. తడి నేలపై అట్టి యంత్రమును ముట్టువాని గతి వారు తలపరు కాబోలు.

ఇంకను ఒక పని మిగిలెను. నాలుగు మిల్లీమీటర్లకైనను చాలని వెడల్పుతో, సెకనుకు 4.76 సెంటీమీటర్లు మాత్రమే నడుచు పట్టీపై, హెడ్డు వెండ్రుకవాసి ఒరిగినను సన్నని ధ్వనులు మాయమగును. మెకానికు హెడ్డు ప్రక్కనున్న చిన్న స్క్రూను త్రిప్పుచుండగా, గుడ్డ కప్పినట్లున్న పాటలోనుండి మొదట తాళము, పిదప అక్కుమను ఊదు వాద్యపు కొస స్వరము తేటపడెను. పాత యంత్రమును కొత్తదానికి కలుపు నేర్పులో వైరు మొదటి సగమైనచో ఈ స్క్రూ రెండవ సగమని నాకు తోచినది. దీనిని విడిచి కంప్యూటరులో ఎన్ని మెఱుగులు పెట్టినను అది మసి కడిగినట్లు కానేరదు.

క్యాసెట్టు తెచ్చిన కోయ వృద్ధుడు ఇంతవఱకు మౌనముగా వినుచుండెను. పాటకును పాటకును నడుమ దగ్గులు, మాటలు వచ్చుటచే వానిని కత్తిరింతునని కుఱ్ఱవాడనగనే ఆయన అడ్డుపడి, "అండ్లనే మా గట్టు చెప్పిండు, తియ్యకు బిడ్డా" అనెను. గట్టనగా వంశము; ఏ గట్టు వారి పడిగె, అనగా బొమ్మల గుడ్డ జెండా, ముందు ఆ గట్టు కథ పాడుట ఆచారము. గాయకుడు గట్టు ఏదియను సంగతి పలికినది పాటలో గాక ఆ మాటలలోనే. పెద్దాయన వాదమే నెగ్గినది. మొత్తము కోయకయే దాచి, ఫైలు పేరులోనే గట్టు పేరును చేర్చిరి.

రెండవ క్యాసెట్టులో పట్టీని హెడ్డునకు అదిమి పట్టు ఉన్ని ముక్క ఊడిపోయి యుండెను. మెకానికు చెల్లని సినిమా పాటల క్యాసెట్టు నొకదానిని తీసి, మూలల మరలు విప్పి, ఈ పట్టీ చుట్టలను ఆ డొల్లలోనికి మార్చుటకు కూర్చుండెను. అది తొందరపడి చేయు పని కాదని, కొత్తగూడ బస్సు తప్పిపోవునని నన్ను లేపి పంపినది కూడ ఆయనయే.