నేల మీద పరిచిన పటం

మూడో తరగతి గదిలోకి వెళ్ళి "ఉత్తరం ఎటు?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లల వేళ్ళు పైకప్పు వైపు లేస్తాయి. దక్షిణం ఎటంటే నేల చూపిస్తారు. గోడకు వేలాడే పటంలో కశ్మీరు పైన ఉంది, కన్యాకుమారి కింద ఉంది. పైనున్నది ఉత్తరం అని చెప్పింది మనమే. పిల్లలు చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నారు. వాళ్ళకు భూగోళం చెప్పడంలో చిక్కంతా ఇక్కడే ఉంది: పటం ముందొచ్చింది, నేల వెనక్కి పోయింది.

అందుకే ఆ పటాన్ని మేకు నుంచి దించి నేల మీద పరవమంటాను. పటంలోని ఉత్తరాన్ని అసలు ఉత్తరం వైపు తిప్పి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టాలి. అప్పుడు శ్రీకాకుళం ఎటో, కాకినాడ ఎటో చెయ్యి చాపి చూపించొచ్చు. ఆ చెయ్యి చాపిన వైపే పోతే నిజంగా ఆ ఊరు వస్తుందని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి.

ఈ పాఠానికి విశాఖ శివారులోని మా మధురవాడ లాంటి చోటు దొరకడం అదృష్టం. చుట్టూ కొండలు, కూతవేటు దూరంలో సముద్రం, మధ్యలో జాతీయ రహదారి. "మనకు తూర్పున సముద్రం" అని పిల్లలు టక్కున చెబుతారు. అయితే మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. మధురవాడలో నిలబడి చూస్తే ఋషికొండ ఆగ్నేయాన ఉంటుంది, భీమిలి ఈశాన్యాన. ఆనందపురం ఉత్తరం, సింహాచలం నైరుతి. నాలుగు వైపులకూ నాలుగు తెలిసిన చోట్లు! పైగా ఆగ్నేయం, నైరుతి అనే మాటలు పిల్లలకు కొత్త కాదు. వంటిల్లు ఎక్కడుండాలో, బరువు ఎక్కడ పెట్టాలో ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నవే. వాటిని ఇంటి గోడలు దాటించడమే టీచరు పని.

దిక్కు తెలియడానికి దిక్సూచి కూడా అక్కర్లేదు. బడి ఆవరణలో ఒక కర్ర నిలువుగా పాతి, గంటగంటకూ నీడ కొసను ముగ్గుపిండితో గుర్తు పెట్టిస్తే చాలు. అన్నిటికన్నా పొట్టి నీడ పడిన గీత ఉత్తర దక్షిణాలను చూపిస్తుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు వరకు దక్షిణానికి తిరుగుతుంది. అటు నుంచి ఇటు మారే రోజున నడినెత్తిన సూర్యుడు నిలబడి, నీడ కాళ్ళ కిందే మాయమవుతుంది. మేలో ఆ రోజు సెలవుల్లో పోతుంది. రెండోసారి ఆగస్టు మొదటి రెండు రోజుల్లో వస్తుంది, అప్పుడు బడి ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటిన రెండు మూడు నిమిషాలకు, మబ్బు కరుణిస్తే, ఒక్క బడి కూడా ఆ దృశ్యాన్ని వదులుకోకూడదు. 1840లోనే డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంతంగా వేధశాల కట్టించుకుని ఆకాశాన్ని చూసిన ఊరు మనది.

ఇక ఇసుక పాఠం. మధురవాడలో ఏ వీధిలో చూసినా ఓ అపార్ట్‌మెంటు లేస్తూనే ఉంటుంది. నాలుగు తట్టల ఇసుక అడిగితే మేస్త్రి కాదనడు. దాన్ని తడిపి పిల్లలకు వదిలేయాలి. ఒకరు కంబాలకొండ పోస్తారు, ఇంకొకరు ఋషికొండ పోస్తారు, స్కేలుతో అదిమి హైవే వేస్తారు. పాత నీలం చీర ముక్క సముద్రమవుతుంది. క్రికెట్ స్టేడియం రోడ్డుకు ఈ పక్కనా, ఆ పక్కనా అని పోట్లాట వస్తుంది. రానివ్వాలి. మర్నాడు బడికొచ్చేటప్పుడు చూసొచ్చి వాళ్ళే తేల్చుకుంటారు. ఇల్లెక్కడ, బడెక్కడ, గెడ్డ ఎక్కడ అని అగ్గిపెట్టెలు పెట్టుకుంటారు. అంతా అయ్యాక ఒక చెంబుడు నీళ్ళు కొండ నెత్తిన పోయమనాలి. నీళ్ళు పల్లం వెతుక్కుంటూ దిగి, రెండు కొండల నడుమ కలిసి, చీర ముక్క దగ్గరికి చేరతాయి. దారిలో అడ్డంగా పెట్టిన అగ్గిపెట్టె కొట్టుకుపోతుంది. గెడ్డలో ఇల్లు కడితే ఏమవుతుందో వేరే చెప్పాలా! చివర్లో పిల్లల్ని ఒక్కొక్కరిగా బెంచీ ఎక్కించి, నిటారుగా కిందకు చూడమనాలి. చూసింది ముగ్గుపిండితో నేల మీద గీయమనాలి. వాళ్ళు గీసేదే పటం. పటమంటే పైనుంచి చూసిన నేల అని ఆ క్షణంలో అర్థమవుతుంది, మళ్ళీ మరిచిపోరు.

ఇది నా కొత్త ఊహ కాదు. స్విట్జర్లాండులోని ఇవర్డన్‌లో 1805 నుంచి 1825 వరకు విద్యావేత్త పెస్టలోజీ బడి నడిపాడు. అక్కడి పిల్లల్ని ముందు బ్యూరాన్ వాగు పారే లోయకు తీసుకెళ్ళేవారు. లోయను తనివితీరా చూశాక పిల్లలు బంకమన్ను తవ్వి తెచ్చుకుని, బల్లల మీద ఆ లోయనే మలిచేవారు. అది పూర్తయ్యాకే వాళ్ళకు పటం చూపించేవారు. రెండు వందల ఏళ్ళు గడిచినా మనం ఇంకా పటంతోనే మొదలుపెడుతున్నాం.

నదుల పాఠం నాసిక్ దగ్గర గోదావరితో కాకుండా గోస్తనితో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టుక నుంచి సంగమం దాకా ఒక్క రోజు ప్రయాణంలో చూడగలిగిన నది ఎంతమంది పిల్లలకు దొరుకుతుంది? తాటిపూడి నీళ్ళు విశాఖ నగరం తాగుతోంది కూడా. ఆ దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సముద్రం వెనక్కి తగ్గిన మంచుయుగంలో బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోస్తే, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కింది. వాన నీరు వాటిని ఎలా కోస్తుందో అక్కడ కళ్ళారా కనిపిస్తుంది. జాతీయ భూవారసత్వ స్థలమది. పిడికెడు మట్టి కూడా అక్కడి నుంచి తేకూడదని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళాలి.

మధురవాడ బడుల్లో కూర్చున్న పిల్లల్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికోసం వలస వచ్చిన కుటుంబాల వాళ్ళు చాలామంది. మేస్త్రి పని, కూలి పని, అపార్ట్‌మెంటు వాచ్‌మెన్ పని. ఈ పిల్లలకు పాఠ్యపుస్తకంలో లేని భూగోళం తెలుసు. పండక్కి ఊరెళ్ళే బస్సులో తగరపువలస దగ్గర గోస్తని దాటతారు, నాతవలస దగ్గర చంపావతి, శ్రీకాకుళంలో నాగావళి, ఇంకా ముందుకెళ్తే వంశధార. తూర్పు కనుమల్లో పుట్టి బంగాళాఖాతంలో కలిసే నాలుగు నదులు వాళ్ళ కిటికీ పక్క నుంచే పోతున్నాయి. "మీదే ఊరు?" అని తరగతిలో ఒక్కొక్కరినీ అడిగి, నేల మీద పటంలో గింజ పెట్టిస్తే తరగతి తనను తాను చూసుకుంటుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఏ పిల్లవాడి ఊరు ఏ జిల్లాలోకి వెళ్ళిందో కూడా అక్కడే తేలుతుంది. ఇప్పటి ప్రాథమిక తరగతుల పిల్లలు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చేనాటికి పుట్టలేదు. దాని గురించి ఇంట్లో అడిగి రమ్మనండి. ఏ చెట్టు పడింది, గాలి మొదట ఎటు నుంచి కొట్టింది, తర్వాత ఎటు తిరిగింది అని. వాళ్ళ అమ్మా నాన్నల నోటి నుంచి తుపాను పాఠం దానంతట అదే వచ్చేస్తుంది.

రాజధానుల పేర్లు, పంటల పేర్లు కంఠస్థం చేయించవద్దని నేననను. వాటికి టైముంది, పై తరగతుల్లో ఎలాగూ తప్పవు. ముందు కాళ్ళ కింద నేల పిల్లల సొంతం కావాలి.

టీచర్లు చేయగలిగింది చేస్తారు, మిగతాది ఇంటి చేతిలో ఉంది. ఈ సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు కిటికీ పక్క సీటు పిల్లలకివ్వండి, చేతిలో ఫోను తీసేయండి. వంతెన వచ్చినప్పుడల్లా అది ఏ నదో, నీళ్ళు ఏ వైపు పోతున్నాయో వాళ్ళను అడగండి.