గాలి ఎక్కడ పోతోంది?

నా దగ్గర ఒక ముసలి బండి ఉంది. 2005 నాటిది, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. షెఫీల్డులో మేముండే వీధి బాగా ఏటవాలు. మంచు పడ్డ ఉదయాల్లో మామూలు కార్లు వెనక్కి జారి గోడలను పలకరిస్తుంటాయి. ఆ భయంతో 2014లో, అప్పటికే తొమ్మిదేళ్ళ వయసున్న ఈ బండిని చవగ్గా కొన్నాను. ఎవరి తయారీయో చెప్పను. ఈ కథలో తప్పు వారిది కాదు, రబ్బరుకు వచ్చిన వార్ధక్యానిది.

దీనికి ఇనుప స్ప్రింగులు లేవు. ప్రతి చక్రం దగ్గరా ఒక రబ్బరు తిత్తి, అందులో గాలి. బండి బరువంతా ఆ నాలుగు తిత్తుల గాలి మీదే కూర్చుని ఉంటుంది. ఒక చిన్న కంప్రెసరు గాలిని పిండి టాంకులో దాస్తుంది. వాల్వుల పెట్టెలు ఏ తిత్తికి ఎంత కావాలో అంత పంపుతాయి. తన మూల ఎంత ఎత్తున ఉందో ప్రతి మూలా ఒక సెన్సరు కంప్యూటరుకు విన్నవిస్తూంటుంది. రేంజ్ రోవర్‌లో ఈ ఎలక్ట్రానిక్ గాలి సస్పెన్షను 1992లో వచ్చింది. ఆ తరువాత చాలామంది ఆ దారి పట్టారు. రాళ్ళబాటలో బండి పైకి లేస్తుంది. ఒక మీట నొక్కితే మనుషులు ఎక్కి దిగడానికి వీలుగా సుమారు రెండంగుళాలు వంగుతుంది.

నాకు ఆ వంగడమే ముఖ్యమయింది. 2017 సెప్టెంబరులో, అమ్మ పోయిన ఏడాదికి, నాన్నగారు మా దగ్గరకు వచ్చారు. ఆరు నెలల వీసా. ఏలూరు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి 2004లో పదవీ విరమణ చేసిన మనిషి. మోకాళ్ళు ఎలా ఉన్నాయి నాన్నగారూ అంటే "వయసుకు తగ్గట్టున్నాయి" అనేవారు. ఆ సమాధానంతో నేను తృప్తి పడేవాణ్ణి. బండి వంగినప్పుడల్లా ఆయన దాని తలుపు మీద తట్టి, "మావటి చెబితే ఏనుగు మోకరించినట్టుందిరా" అని ఎక్కేవారు.

నవంబరులో పసుపు దీపం వెలిగింది. సస్పెన్షనులో లోపమట. దీపం వెలిగితే బండి ఇక వంగదు, లేవదు. ఇగ్నిషను ఆపి మళ్ళీ వేస్తే కాసేపు బాగుండి, పది మైళ్ళు పోయేసరికి మళ్ళీ మొదలు. నాన్నగారు బయటికి రావడం మానేశారు. "మీరు వెళ్ళిరండి, నేను పేపరు చదువుకుంటాను" అనేవారు. ఈ చలిదేశం ఆయనకు విసుగెత్తిందనుకున్నాను.

ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాను. వారు కంప్యూటరు తగిలించి, లోపం కోడు చదివారు. కంప్రెసరు ఇచ్చిన గడువులో చాలినంత ఒత్తిడి పుట్టించలేకపోతోందట. కొత్త కంప్రెసరు వేయాలి, కూలితో కలిపి 900 పౌండ్లు. కోడు స్పష్టంగా చెబుతున్నప్పుడు అనుమానం దేనికి? సరేననబోయి, ఇంటికి వచ్చి నాన్నగారితో అన్నాను.

"కంప్రెసరు ఎందుకు పోయింది?" అన్నారు.

"పాతదయింది కదండీ."

"పాతదయితే పోవాలనేముంది? నేనూ పాతవాణ్ణే."

తరువాత ఆయన చెప్పింది కాస్త వివరంగా రాస్తాను. వచ్చిన రెండు నెలల్లో ఆయన అంతసేపు మాట్లాడింది ఆ సాయంత్రమే.

ఆయన పనిచేసిన బస్సులు కమాను కట్టల మీద నడిచేవే గానీ, వాటి బ్రేకులు గాలివి. అక్కడా ఒక కంప్రెసరు, ఒక టాంకు, గొట్టాలు. ఎక్కడో ఒక యూనియను దగ్గర సన్నగా గాలి పోతూంటే డ్రైవరుకు తెలియదు, ఎందుకంటే పోయినదాన్ని కంప్రెసరు ఎప్పటికప్పుడు నింపుతూంటుంది. పది నిమిషాలు పనిచేసి విశ్రాంతి తీసుకోవలసిన యంత్రం గంటల తరబడి తిరుగుతుంది, వేడెక్కుతుంది, లోపలి రింగు అరుగుతుంది. ఒకరోజు చేతులెత్తేస్తుంది. అప్పుడు అందరూ దాన్ని తిడతారు. "కొత్తది వేస్తే ఇంకో ఏడాది తిరుగుతుంది. తరువాత అదీ చస్తుంది. ముందు గాలి ఎక్కడ పోతోందో చూడు."

సాఫ్టువేరులో ఉన్న చదువరులకు ఇది ఎరిగిన బాధే. ప్రోగ్రాము ఏ వరుసలో కూలిందో ఆ వరుస పేరే లాగులో ఉంటుంది. తప్పు ఎక్కడో నూరు వరుసల పైన మొదలై ఉంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ పని చేస్తున్న నేను, బండి దగ్గరకు వచ్చేసరికి లాగును వేదవాక్యంగా తీసుకున్నాను.

ఆ రాత్రి స్టీలు టేపు పట్టుకుని కొలిచాము. నేను నేల నుంచి కొలవబోతే నాన్నగారు ఆపారు. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తగ్గినా లెక్క మారిపోతుంది. చక్రం నడిమధ్య నుంచి పైనున్న రెక్క అంచు దాకా కొలవాలి. నాలుగు అంకెలూ క్యాలెండరు కాగితం వెనుక రాసుకున్నారు. తెల్లవారి మళ్ళీ కొలిస్తే నాలుగు మూలలూ 20 మిల్లీమీటర్ల చొప్పున దిగి ఉన్నాయి, ఒకటి అటూ ఇటూగా. నాలుగు తిత్తులూ ఒకే రాత్రి ఒకేలా చిల్లుపడవు గదా, కనుక తిత్తులు మంచివే, వర్క్‌షాపు వారి మాటే నిజమని తీర్పు చెప్పాను. నాన్నగారు కాగితం వంక చూస్తూ, "నాలుగు చోట్ల ఒక్కలా కారడం నా సర్వీసులో చూడలేదు" అని మాత్రం అన్నారు.

మరునాడు కాఫీ దగ్గర అన్నారు: "రాత్రి మూడింటికి నీ బండి బుస్సుమంది."

కలగన్నారేమో అన్నాను.

"కల కాదు. ఆగి ఆగి మూడుసార్లు, చిన్నగా. గాలి వదిలింది. డిపోలో రాత్రి ఇంజన్లన్నీ ఆగాక ఆ చప్పుడు వినీ వినీ ఉన్నాను, నాకు పొరపాటు పడదు."

"మూడింటికి మీరు లేచి ఏం చేస్తున్నారు?"

ఆయన చెంచాతో కాఫీ కలుపుతూ, "నిద్ర పట్టలేదు" అన్నారు. నా బుర్ర అంతా బుస్సుమన్న బండి మీదే ఉంది. ఆ మాటను అక్కడే వదిలేశాను.

ఆ రోజంతా సర్వీసు మాన్యువలు ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి విషయం దొరికింది. తాళం వేసి వదిలేసిన బండిలో కూడా ఈ సస్పెన్షను కంప్యూటరు పూర్తిగా నిద్రపోదు. కొన్ని గంటలకోసారి లేచి నాలుగు మూలలూ చూసుకుంటుంది. ఒక మూల దిగిపోయి ఉంటే, ఇంజను ఆగి ఉంది కనుక దాన్ని పైకి లేపదు. బదులుగా తక్కిన మూడు మూలల్లోంచీ గాలి వదిలి, వాటిని దిగిపోయిన మూలకు సమంగా దించుతుంది. బండి ఒక పక్కకు ఒరిగి కనిపించకూడదని ఈ ఏర్పాటు. అంటే కుంటుతున్న కాలు ఏదో బయటపడకుండా తక్కిన మూడు కాళ్ళూ వంగి నిలబడతాయన్న మాట. అంకెలన్నీ సమంగా రావడంలోని మతలబు అది.

మందు తేలిక. ఆ కంప్యూటరుకు కరెంటు అందించే ఫ్యూజు తీసి రాత్రంతా ఉంచడమే. అలా చేశాము. తెల్లవారేసరికి ఎడమ ముందు మూల 23 మిల్లీమీటర్లు దిగింది. మిగిలిన మూడూ ఒకటి రెండుకు మించి కదలలేదు.

ఇలాంటి బండి ఉన్నవారెవరైనా ఇటు వస్తారేమోనని ఆ తరువాతి తర్కం కూడా రాస్తున్నాను. ఒకే మూల దిగితే తప్పు ఆ తిత్తిదో, దాని గొట్టానిదో, పెట్టెలో దానికి చెందిన వాల్వుదో అయ్యుంటుంది. ముందువి రెండూ లేదా వెనుకవి రెండూ జంటగా దిగితే ఆ జంటను చూసుకునే వాల్వుల పెట్టెను అనుమానించాలి. రాత్రి చక్కగా నిలబడి, నడుస్తుండగా ఉన్నట్టుండి ఒరిగిపోతే గాలి ఎక్కడికీ పోలేదు, ఎత్తు చెప్పే సెన్సరు అబద్ధమాడుతున్నదన్న మాట. ఎక్కడా కారకుండా, లేవడానికి మాత్రం అంతకంతకూ ఎక్కువసేపు పడుతుంటే అప్పుడు కంప్రెసరును పట్టుకోవచ్చు. తాళం తీసేసినా కంప్రెసరు తిరుగుతూనే ఉంటే రిలే అతుక్కుపోయి ఉండవచ్చు. దాన్ని వెంటనే పీకేయాలి, లేకపోతే కంప్రెసరు మాడిపోతుంది.

ఒక హెచ్చరిక. గాలి మీద నిలబడిన బండి కిందికి ఎవరూ దూరవద్దు. అది ఏ క్షణాన ఎందుకు దిగుతుందో తెలియదు. చాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టిన తరువాతే చేయైనా పెట్టాలి. ఈ విషయంలో నాన్నగారు నన్ను పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి కసిరినట్టు కసిరారు.

ఆదివారం సబ్బునీళ్ళు కలిపాము. సైకిలు షాపులో ట్యూబును నీళ్ళ బేసినులో ముంచి బుడగ కోసం చూసే పద్ధతే ఇది. ఇక్కడ తిత్తిని ముంచలేము కనుక నీళ్ళనే దాని మీద చల్లుతాము. గొట్టం తిత్తిలో దూరే చోట చూశాము, ఏమీ లేదు. వాల్వుల పెట్టె దగ్గరా లేదు. తిత్తి మీద అంతా చల్లాము, ఒక్క బుడగ లేదు. గంట గడిచింది. నాకు వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నాన్నగారు కుర్చీ వేయించుకుని కోటు, మఫ్లరు, దాని మీద శాలువాతో కూర్చుని ఉన్నారు. "బండి ఎత్తు మార్చి చూడు" అన్నారు. రబ్బరు మడత పడే చోటే ముందు చిట్లుతుంది. ఎత్తు మారితే మడత జరుగుతుంది, అప్పటిదాకా మూసుకుని ఉన్న పగులు తెరుచుకుంటుంది. బండిని పూర్తిగా పైకి లేపి, స్టాండ్లు సరిచేసి, మళ్ళీ చల్లి, టార్చిలైటు వేసి షేవింగ్ అద్దంలో చూశాను. మడత పక్కన ఆవగింజలంత బుడగలు, ఒకదాని వెంట ఒకటి.

"కనబడ్డాయి" అని కేక వేశాను. ఆయన చూడాలనుకుని లేచారు. బానెట్టు పట్టుకుని ఒంగబోయి, సగంలో ఆగిపోయారు. కిందికీ పోలేక, పైకీ రాలేక అలాగే ఉండిపోయారు. పట్టుకుని కూర్చోబెట్టాను. ముఖం పాలిపోయి ఉంది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"మీ అమ్మ ఉండగానే. ఎడమది. కుడిదాని మీద భారం వేసి నెట్టుకొచ్చాను. ఇప్పుడు అదీ మొరాయిస్తోంది." కాసేపాగి, "రాత్రిళ్ళు ఎక్కువ" అన్నారు.

బండి వంగడం మానేసిన నాటి నుంచే ఆయన పేపరు చదువుకోవడం మొదలుపెట్టారని అప్పుడు లెక్క కుదిరింది. అద్దంలో చూడలేకపోయారని టార్చి వెలుగులో ఫోనుతో ఫొటో తీసి చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. ముందువి రెండు తిత్తులూ మార్చాము. ఒకటి పోయినప్పుడు దాని ఈడుదే అయిన రెండోదాన్ని నమ్మకూడదని ఆయన నియమం. కంప్రెసరు విప్పితే, ఆయన చెప్పినట్టే పిస్టను రింగు అరిగి ఉంది. గాలిలోని తేమను పీల్చే గింజలు పొడైపోయి ఉన్నాయి. రింగు, గింజలు కొత్తవి వేశాము. 900 పౌండ్లలో మూడో వంతుతో పని అయిపోయింది. ఫ్యూజు తీసి మళ్ళీ రాత్రంతా ఉంచితే అన్ని మూలలూ 2 మిల్లీమీటర్ల లోపే. ఆ అంకెలు కూడా అదే క్యాలెండరు కాగితం మీద, తన గుండ్రటి దస్తూరీలో రాశారు.

2018 ఫిబ్రవరిలో మాంచెస్టరు విమానాశ్రయానికి బయలుదేరుతూ మీట నొక్కాను. బండి వంగింది. ఆయన తలుపు మీద తట్టి ఎక్కారు. ఆ వేసవిలో విజయవాడలో ఎడమ మోకాలికి ఆపరేషను అయింది, మరుసటి ఏడు కుడిదానికి. సంతకాలకు నేను వెళ్ళాను.

చలి మొదలైతే ఇప్పటికీ ఫోనులో, "బండి నిలబడుతోందా?" అని అడుగుతారు. నేను అంకెలు చెబుతాను. రాత్రి మూడింటి సంగతి నేను అడుగుతాను. "నిద్ర పడుతోంది" అంటారు. నమ్మకుండా తమ్ముణ్ణి విడిగా అడుగుతాను.

పోయిన వారం నాలుగు మూలలూ ఒక రాత్రిలో 9 మిల్లీమీటర్లు దిగాయి. చెప్పాను.

"ఫ్యూజు తీశావా?" అన్నారు.

తీయలేదు. ఇవాళ రాత్రి తీయాలి.